ఐదు కట్టల దూరం

పోయిన నెల ముంబై నుంచి హైదరాబాద్‌కు విమానంలో వచ్చాను. అరవై దాటాక మొదటిసారి విమానం ఎక్కడం. బెల్టు పెట్టుకోవడం చేతకాక పక్కసీటు అమ్మాయి చేత పెట్టించుకున్నాను. ఆ సిగ్గు ఇంకా తీరకముందే పైలట్ గొంతు వినబడింది. ప్రయాణం గంటా పదిహేను నిమిషాలట. నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"ఐదు కట్టలు."

"ఏమన్నారాంటీ?" అంది ఆ అమ్మాయి చెవిలోంచి తీగ తీసి.

"ఏం లేదమ్మా" అన్నాను. ఏమని చెప్పను? విమానమన్నది కంటితో దగ్గరనుంచి చూడని ఒక ముసలావిడ, కోరుట్లలో మా ఇంటి ఎదురుగా అరుగు మీద కూర్చుని, ఈ లెక్క ముప్పై ఏళ్ళ కిందటే చెప్పిందంటే ఆ పిల్ల నమ్ముతుందా? నేనే నమ్మలేదు. పైగా నేను భూగోళం చెప్పే పంతులమ్మను.

మా వాడకట్టంతా ఆమెను పెద్దవ్వ అనేది. అసలు పేరు ఓటరు కాగితంలో ఉండే ఉంటుంది, ఎవరూ చూసిన పాపాన పోలేదు. మా వైపు ఆ రోజుల్లో ఇంటికొక చాట. మగవాళ్ళు దుబాయికో మస్కట్‌కో పోతే, ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టేవారు. తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పోయడం, చుట్టి మూతి మడిచి దారం కట్టడం. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. అందరి చేతులూ ఒకలా ఉండవు. మాటల్లో పడితే మా అమ్మ కట్ట అరగంటకైనా తెగేది కాదు. పెద్దవ్వ చేతికి మాత్రం కట్టకు పావుగంట. నవ్వుతున్నా, తిడుతున్నా, ఎవరి చావుకబురో వింటున్నా పావుగంటే. చేతుల వైపు చూసేది కాదు. తల కొంచెం ఎడమకు వంచి వీధి చివర్లోకి చూస్తూ ఉండేది.

గడియారం చూడ్డం ఆమెకు రాదు. అవసరమూ పడలేదు. అన్నం కట్టన్నరలో ఉడికేది. మా అమ్మ నల్లా దగ్గర రెండు కట్టల పంచాయితీ పెట్టేది. నన్ను చూడ్డానికి ఒక పెళ్ళికొడుకు వచ్చి టీ తాగీ తాగకుండా లేచిపోతే, నేను లోపల ఏడుస్తూ కూర్చున్నాను. ఆమె గుమ్మంలో నిలబడి, "ఒక్క కట్ట సేపు సుత కూసోలే వాడు. గసొంటోని కోసం ఏడుస్తున్నవా బిడ్డా? వాని ముఖానికి నీ కండ్లల్ల నీళ్ళు ఎక్కువైనయా?" అంది. నాకు నవ్వు ఆగలేదు.

పెద్దవ్వ పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. "మా నాయిన మగ్గం సప్పుడు ఇనుకుంట పెరిగిన. నూలు కండె సుట్టెటప్పుడు చెయ్యి తప్పిందంటే చెవు పట్టుకుంటుండె" అని చెప్పింది ఒకసారి. పెనిమిటి సంగతి కూడా ఒక్కసారే చెప్పింది. నేను పుట్టకముందే బొంబాయికి పోయాడట. "ఆయిన బొంబాయి బస్సు ఎక్కిండు. ఇంక దిగలే" అంది, దిగడానికి ఇంకా టైముందన్నట్టు. దాని మీద మళ్ళీ ఎవరం ఏమీ అడగలేదు.

గల్ఫు నుంచి ఎవరు వచ్చినా వీధంతా వాళ్ళ ఇంట్లోనే ఉండేది. ఏం తెచ్చాడు, ఎంత తెచ్చాడు, టేపురికార్డరు ఉందా, దుప్పటి మెత్తగా ఉందా అని ఒకటే గోల. పెద్దవ్వ చివర్న వచ్చేది. అందరూ సర్దుకున్నాక ఒకే ఒక్క ప్రశ్న అడిగేది.

"ఎంతసేపు కూసున్నవ్ కొడుకా?"

విమానంలో ఎంతసేపు, బస్సులో ఎంతసేపు, ఎక్కడ దిగారు, మళ్ళీ ఎక్కడ ఎక్కారు. అంతే. విమానాన్ని ఆమె గాలిమోటరు అనేది. పోయేవాళ్ళకు ముందే చెప్పి పంపేది. "గడియారం ముళ్ళు గాలిమోటరుల తిప్పకు కొడుకా. దిగినంక ఎంతైందో చూసుకొని, గప్పుడు తిప్పుకో." వాళ్ళు నవ్వుకుంటూనే ఆమె చెప్పినట్టు చేసేవారు. వచ్చి చెప్పిన గంటలను ఆమె కట్టలుగా మార్చి లోపల పెట్టుకునేది. బొంబాయి నుంచి హైదరాబాద్‌కు గాలిమోటరులో ఐదు కట్టలు, అది పై ఊరివాడెవరో చెప్పిన లెక్క. బొంబాయి నుంచి కోరుట్లకు బస్సులో ఎనభై కట్టలు.

నేను జగిత్యాలలో కొత్తగా పెద్ద అట్లాసు కొన్న రోజు ఆమెకు చూపించాను. నా గొప్పే అనుకోండి. "బొంబాయేది?" అంది. చూపించాను. బీడీ దారం తీసి హైదరాబాద్ మీద ఒక కొస, బొంబాయి మీద ఒక కొస పెట్టి, "గింతేనా!" అని పకపకా నవ్వింది. నేను స్కేలు గురించి, అంగుళానికి ఎన్ని మైళ్ళో చెప్పబోయాను. "గది పటంల దూరం. కూసున్నోని నడుమును అడుగు, అసలు దూరం చెప్తది" అంది.

తరువాత మాటల్లోనే, ఉప్పు అందించినంత మామూలుగా ఇంకొకటి చెప్పింది. "మస్కట్‌కు పోయేటప్పుడు ఒక కట్ట ఎక్కువ పడ్తది బిడ్డా. వచ్చేటప్పుడు తక్కువ."

"అదెట్లైతది పెద్దవ్వా? ఎటు పోయినా దూరం ఒకటే కదా. వాళ్ళ గడియారం వేరు, మన గడియారం వేరు. గందుకే గట్ల అనిపిస్తది" అన్నాను పంతులమ్మ గొంతుతో.

"ముళ్ళు తిప్పకుమని చెప్పే పంపుతున్న గదా! ఇరవైమందిని అడిగిన. అందరిదీ గదే లెక్క." ఆలోచించి, తనలో తను అన్నట్టు అంది. "ఇంటికొచ్చేటోన్ని గాలి సుత నూకుతదేమో."

ఇంటికి పోయి మా అమ్మతో చెప్పి నవ్వుకున్నాను. కొన్నాళ్ళకు ఒక పుస్తకంలో చదివాను. మన మీదుగా ఆ ఎత్తున గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. అందుకే గల్ఫు నుంచి వచ్చే విమానం పోయేదానికన్నా ముందు చేరుతుంది. పుస్తకం మూసి ఎదురుగా అరుగు వైపు చూశాను. ఆమె తల వంచి చుట్టుకుంటూ ఉంది. ఆ చాట ముందు కూర్చుని, ఇరవైమంది నడుములను అడిగి, మొగులు మీద, అంత ఎత్తు ఆకాశంలో, గాలి ఎటు వీస్తుందో కనుక్కుంది ఈ మనిషి! అప్పటినుంచి ఆమె ముందు స్కేళ్ళ గురించి మాట్లాడలేదు.

ఇంకొక అలవాటుండేది ఆమెకు. వాడకట్టు నుంచి ఎవరు దూరం పోయినా, వాళ్ళ పేరిట ఒక బీడీ దారం తీసి, దానికి ఒక ముడి వేసి, గోడకున్న మేకుకు తగిలించేది. ఏళ్ళకేళ్ళు అది అక్కడే. బొంబాయిలో దిగామని ఎదురు కిరాణా కొట్టుకు ఫోను వస్తే దారం కిందికి దించేది. అక్కడినుంచి ఆమె చేతిలో కట్ట తెగిన ప్రతిసారీ ఒక ముడి. రాత్రి పడుకుంటే నిద్రకు ఒక పెద్దముడి. మనిషి ఇంటి గడపలో కాలు పెట్టగానే, ఎంతసేపు కూర్చున్నాడో అడిగి, కత్తెరతో దారం తెంపేది. తెగిన దారాన్ని మళ్ళీ బీడీలకే వాడుకునేది. మేకుకు అన్నిటికన్నా లోపల, మసిబట్టి, ఒకే ఒక్క ముడితో ఒక దారం ఎప్పుడూ ఉండేది. అది ఎవరిదో నేను అడగలేదు.

మా తమ్ముడు మస్కట్‌కు పోయినప్పుడు కూడా ముడి వేసింది. వాణ్ణి పంపింది మా అమ్మ భయమే. కాలేజీలో వాడితో తిరిగినవాళ్ళలో ఇద్దరు లోపలికి పోయారు. లోపలికి అంటే అడవిలోకి, అన్నల్లోకి. ఆ ఏళ్ళు అలాంటివి. పగలు పోలీసులు వచ్చి అడిగేవారు, ఇంకెవరో ఇంకెప్పుడో వచ్చి అడిగేవారు. ఇంట్లో వయసొచ్చిన మగపిల్లాడుంటే తల్లికి కూడు సయించేది కాదు.

రెండున్నరేళ్ళకు వాడు వస్తున్నానని బొంబాయి నుంచి ఫోను చేశాడు. మధ్యాహ్నం రెండింటప్పుడు. "అక్కా, బస్సుల వస్తలేను. సాయంత్రం విమానం దొరికింది. గంటంబావుల హైద్రాబాద్‌ల ఉంట. రాత్రి ఆడ ఆగి, పొద్దున బస్సుకు ఇంటికొస్త" అన్నాడు. కిరాణా కొట్టాయన కూడా వినేట్టు అరిచాడు. మా వాడకట్టులో అప్పటిదాకా అందరూ బొంబాయి నుంచి బస్సులోనే వచ్చారు. హైదరాబాద్ దాకా విమానంలో వచ్చిన మొనగాడు మా వాడే. మా అమ్మ కొండగట్టు అంజన్న వైపు తిరిగి దండం పెట్టింది. నేను మర్నాడు బడికి సెలవు పెట్టాను.

మర్నాడు పదకొండు దాటాక వచ్చాడు. తెల్లటి కొత్త బూట్లు, నల్ల కళ్ళద్దాలు, బూట్లు విప్పితే కాళ్ళు మాత్రం బాగా వాచి ఉన్నాయి. సూట్‌కేసు మూల పగిలి ఉంది. అమ్మ అయ్యో అంటే, "విమానంల గిట్లనే ఇసిరేస్తరమ్మా, ఆళ్ళకేం పోయింది" అన్నాడు. అందరం నోళ్ళు తెరుచుకొని విన్నాం. మేఘాలు కాళ్ళ కింద కనబడ్డాయని, తెల్లచీర పిల్ల చాక్లెట్లు ఇచ్చిందని ఒకటే చెప్పుడు.

పెద్దవ్వ వచ్చింది. "ఎంతసేపు కూసున్నవ్ కొడుకా?"

"ఐదు కట్టలు పెద్దవ్వా, నువ్వు చెప్పిన లెక్కే!"

ఆమె వాడి మొహం చూసింది, కాళ్ళు చూసింది. వంగి సూట్‌కేసు పగిలిన సందులోంచి ఏదో తీసింది. దారం తెంపి, దాన్ని ఎప్పటిలా చాటలో వేయకుండా, చుట్టి రొండిన దోపుకుంది. "మంచిది కొడుకా, కాళ్ళకు కాపడం పెట్టుకో" అని పోయింది.

వాడు వచ్చిన రోజే తెల్లవారుజామున చందుర్తి దిక్కు ఎవరో ఒక సారా కాంట్రాక్టరు జీపు తగలబెట్టారు. నలుగురు మొహాలకు గుడ్డలు కట్టుకున్నారట. ఒకడి కాళ్ళకు తెల్ల బూట్లు ఉన్నాయట. మూడో రోజు పొద్దున పోలీసు జీపొచ్చి మా తమ్ముణ్ణి తీసుకుపోయింది. ఏ స్టేషనో చెప్పను, ఇప్పుడు చెప్పి చేసేదేముంది.

నేను పరుగెత్తుకుపోయాను. చదువుకున్నదాన్ని కదా, చక్కగా కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నా తమ్ముడు ఫలానా సాయంత్రం విమానంలో హైదరాబాద్ చేరి, రాత్రి అక్కడ ఉండి, పొద్దున బస్సులో ఇంటికి వచ్చాడని. విమానంలో వచ్చేవాడు జీపులు తగలబెడతాడా అని నా తెలివి. ఆ కాగితమే వాడి మెడకు చుట్టుకుంది. రాత్రి ఏ లాడ్జిలో ఉన్నావని అడిగారు. వాడికి ఒక్క లాడ్జి పేరు రాలేదు. మరి ఎనిమిదికల్లా హైదరాబాద్‌లో దిగినవాడు తెల్లారేసరికి చందుర్తిలో ఉండలేడా? దెబ్బలు పడ్డాక, "విమానం ఎక్కలే సార్, బస్సులనే వచ్చిన" అన్నాడట. "నీ అక్కే రాసిచ్చింది కదరా" అన్నారట. జగిత్యాలలో బొంబాయి బస్సు ఆఫీసుకు పోయి నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. "మాకేం తెల్వదు, మమ్మల్ని ఇందులకు గుంజకు" అని షట్టరు దించుకున్నారు. తప్పు పట్టను. ఆ రోజుల్లో నోరు తెరిచినవాడికి రెండు వైపులా భయమే.

అలా తీసుకుపోయినవాళ్ళ పేర్లు మూడో రోజు పేపర్లో, ఎన్‌కౌంటర్ వార్తలో చూసుకున్న ఇళ్ళు మా చుట్టుపక్కల ఉన్నాయి. వాణ్ణి తీసుకుపోయిన రెండో రోజు పొద్దున మా అమ్మ పొయ్యి ముట్టించలేదు. నేను గుమ్మంలో కూర్చుని నా చేతిని చూసుకుంటున్నాను, ఆ సంతకం పెట్టిన చేతిని. నరుక్కోవాలనిపించింది.

పెద్దవ్వ ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. చంకలో గుడ్డ చుట్టిన చాట.

"నడు బిడ్డా, పోయొద్దాం."

"గిప్పుడు బీడీలా పెద్దవ్వా!" అని అరిచాను.

"చేతులు ఊకుంటే లెక్క తప్పుతది" అంది.

స్టేషను వరండాలో కింద కూర్చుని చాట విప్పింది. ఇన్‌స్పెక్టరు వేరే జిల్లా మనిషి. మమ్మల్ని చూసి, "మీరేగా టీచరు? విమానం అని రాసిచ్చింది మీరు. బస్సంటున్నది వాడు. ఎవరిదమ్మా అబద్ధం?" అన్నాడు. లోపల ఫోను మోగితే పోయాడు. ఎంతకీ రాలేదు. లోపలినుంచి ఏ చప్పుడూ రాకపోవడం కన్నా భయం ఇంకోటి లేదు. పెద్దవ్వ చుట్టుకుంటూనే ఉంది.

బయటికి వచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నారా? ఇదేమన్నా బీడీ కార్ఖానా అనుకున్నావా అవ్వా?" అన్నాడు.

"మీరు లోపటికి పోయి మూడు కట్టల మీద పది బీడీలాయె సారూ. మీ లెక్కల యాభై నిమిషాలు, ఒకటి ఎక్కువైతదేమో."

ఆయన మామూలుగా చెయ్యెత్తి గడియారం చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. చాటలోకి చూశాడు. కానిస్టేబుల్ కుర్చీ తెస్తే కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు.

"ఈ బిడ్డది అబద్ధం కాదు సారూ. పోరడు డాబుకు చెప్పిండు, ఈమె నమ్మింది. వాడు గాలిమోటరు ఎక్కలే. గది వాడు ఇంటి కడపల నిలవడ్డప్పుడే నాకు ఎరుకే." రొండినుంచి దారం చుట్ట తీసి విప్పింది. వేళ్ళతో ముడులు తడుముతూ చెప్పింది. "ఇది ఫోను అచ్చినప్పుడు. ఈ పెద్దముడి నిద్ర. తెల్లారినంక, ఇగో ఈ ముడికాడ, హైద్రాబాద్ బస్సు అచ్చింది. మా వాడకు ఎవ్వలు రాలే. రోజు గా బస్సు అచ్చినంక మూడున్నర కట్టలకు బొంబాయి బస్సు హారన్ కొడ్తది. గా రోజు ఆరు కట్టలకు కొట్టింది. హారన్ కొట్టినంక సగం కట్ట సుత కాలే, పోరడు ఇంట్లకొచ్చిండు."

"అయితే?"

"రెండున్నర కట్టలు ఎందుకు లేటయింది సారూ?" దారం చివర ముడిలో బిగించి ఉన్నదాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. పల్లేరుకాయ. ముళ్ళ సందుల్లో నల్లటి మట్టి. "వాని పెట్టె మూల పలిగింది. విమానపోళ్ళు ఇసిరేసిండ్రన్నడు. గా సందుల దొరికింది ఇది. మొగులు మీద పల్లేరు మొలుస్తదా సారూ? పెట్టె బస్సు మీదికెళ్ళి పడ్డది. మా దిక్కు ఎర్ర చెలక. ఈ నల్ల మట్టి నాందేడ్ దిక్కుది. బస్సు ఎనుకకు మర్రిపోయి పెట్టె ఎక్కించుకొని అచ్చింది. డ్రైవర్ రాసుకునే బుక్కు జగిత్యాలల ఉంటది, తెప్పియ్యుండ్రి. అండ్ల లేకుంటే నన్ను సుత లోపటెయ్యుండ్రి."

మా ఇంట్లో ఆ రోజు పదిహేనుమందిమి ఉన్నాం. సూట్‌కేసు అందరం చూశాం. బస్సు హారన్ అందరం విన్నాం. పంతులమ్మను నేనూ ఉన్నాను.

"ఆ రోజే తెలిస్తే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పోరడు సంబురపడ్తుండె, పడనీ అనుకున్న. గాలిమోటరు ఎక్కిన్నంటే ఎవల కడుపు కాలింది సారూ?"

జగిత్యాలకు కానిస్టేబుల్ పోయాడు. మూడింటికి పుస్తకంతో వచ్చాడు. నాందేడ్ దాటాక, తెల్లారేటప్పుడు, పైనుంచి ప్రయాణికుడి పెట్టె పడిందని, వెనక్కి పోయి తెచ్చామని, నలభై నిమిషాలు ఆలస్యమని డ్రైవర్ చేత్తో రాసి ఉంది. జీపు తగలబడిన వేళకు మా తమ్ముడు నాందేడ్ దగ్గర రోడ్డు మీద, పల్లేర్లలో తన సూట్‌కేసు వెతుక్కుంటున్నాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి, పెద్దవ్వ వైపు తిరిగి, "చదువుకున్నావా అవ్వా?" అన్నాడు. "లే సారూ" అంది. ఆయన లేచి, తనే లోపలికి పోయి, వాణ్ణి తీసుకొచ్చాడు.

వాడు చెప్పుల్లేకుండా, గోడ పట్టుకొని వచ్చాడు. నన్ను పట్టుకొని ఏడ్చాడు. పెద్దవ్వ వైపు మాత్రం చూడలేదు. ప్రాణం మిగిలింది గానీ పరువు పోయింది. వారంలోగా వాడకట్టంతా వాడికి గాలిమోటరు అని పేరు పెట్టింది. నాకు చచ్చే కోపం వచ్చింది. "పెద్దవ్వ లేకుంటే నీకిప్పుడు దినాలు పెడుతుంటిమి" అని ముఖం మీదే తిట్టాను. "నాకు తెల్వదా అక్కా? గందుకే ముఖం చూపియ్యలేక పోతున్న" అన్నాడు. ఆమెకు చెప్పకుండానే మళ్ళీ మస్కట్‌కు పోయాడు. ఆ రోజుల్లో స్టేషను మెట్లెక్కివచ్చిన మనిషి దగ్గర కూర్చోవడానికి కూడా జనం జంకారు. చాలారోజులు ఆమె అరుగు మీద ఒక్కతే. వాడు పోయిన రోజు మేకుకు కొత్త దారం కనబడింది.

"నీకు చెప్పకుండ పోయిండు గదా పెద్దవ్వా" అన్నాను.

"చెప్పలేదని దూరం తక్కువైతదా బిడ్డా?" అంది.

నాలుగేళ్ళు రాలేదు వాడు. ఉత్తరాల్లో కూడా ఆమె ఊసు ఎత్తలేదు. ఒక పొద్దున పెద్దవ్వ ఒళ్ళో చాటతోనే పోయింది. చేతిలో కట్ట సగంలో ఉంది. నేను మస్కట్‌కు ఫోను చేసి చెప్పాను. వాడు వినగానే ఫోను పెట్టేశాడు.

ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. కొరివి ఎవరు పెడతారని పెద్దమనుషులు తర్జనభర్జన పడుతూ ఆ రోజు గడిచింది. మర్నాడు పొద్దున తొమ్మిదికి కిరాణా కొట్టుకు ఫోను.

"అక్కా, బొంబాయిల ఉన్న. ఎత్తకుండ్రి. నేను పెడ్త కొరివి. ఇప్పుడే విమానం ఎక్కుతున్న."

"మళ్ళ గాలిమోటరేనా!" అన్నాడు ఒక పెద్దమనిషి. చావింట్లో కూడా ఇద్దరు నవ్వారు. "బస్సుల వస్తే రేపు పొద్దుగాల దాక ఉంచాలె. ఉంచుతమా?" అన్నాడు ఇంకొకాయన. నిజం చెప్తాను, నేనూ నమ్మలేదు. అయినా మేకు నుంచి వాడి దారం దించాను. పక్కనున్న మసి దారాన్ని, ఒక్కముడి దారాన్ని, ఆమె చేతికి చుట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, నాకు బీడీలు చుట్టడం రాదని.

శవమున్న వాడకట్టులో ఎవరూ పని ముట్టరు. మా పక్కింటావిడ పోయి తన చాట తెచ్చుకొని పెద్దవ్వ కాళ్ళ దగ్గర కూర్చుంది. వెనకే ఇంకొకామె వచ్చింది. తరువాత మా అమ్మ. ఒకరి చెయ్యి ఆగితే ఇంకొకరు అందుకుంటూ, పావుగంటకు ఒక కట్ట తప్పకుండా చుట్టారు. కట్ట తెగినప్పుడల్లా నేను ఒక ముడి వేశాను. పెద్దమనుషులు నోరు మూసుకొని కూర్చున్నారు.

ఇరవై ఎనిమిదో ముడికి వీధి మొదట్లో టాక్సీ ఆగింది. ఇంకా మంచి ఎండగానే ఉంది. చేతిలో సూట్‌కేసు లేదు, సంచీ లేదు. చొక్కా జేబులోంచి విమానం టిక్కెట్టు ముక్క బయటికి కనబడుతోంది. దాన్ని ఎవరికీ చూపించలేదు. చాటలు పక్కకు జరిపి ఆడవాళ్ళు దారి ఇచ్చారు. వాడు పెద్దవ్వ తల దగ్గర నిలబడి ఎదురుచూశాడు. ఎవరో ఏదో అడుగుతారన్నట్టు మా అందరి మొహాలూ చూశాడు. ఎవ్వరం అడగలేదు. అది అడిగే మనిషి ఒక్కతే.

వాడు కూలబడి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఐదు కట్టలు కూసున్న పెద్దవ్వా. ఈసారి నిజం."

నేను కత్తెర తీసుకొని వాడి దారం తెంపాను.